కిన్నెరసాని ఒడ్డున దిగిన పాట

ఇంగ్లండులో కాపర్ రూమ్ అనే పాటల గ్రూపులో ఎవరికి జలుబు చేసినా, ఇక్కడ కొత్తగూడెంలో ఎబినేజర్‌కు ఒళ్లు వెచ్చబడేది. వాళ్లు కొత్త రికార్డు వేశారంటే ఇతనికి అన్నం సహించేది కాదు. వాళ్లలో వాళ్లు పోట్లాడుకున్నారంటే ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు. ఖమ్మం జిల్లా మొత్తం మీద ఆ ముగ్గురి మంచిచెడ్డలు పట్టించుకున్న మనిషి ఇతనొక్కడే. అభిమానం అనుకునేరు! అభిమానమే అయితే ఎంత హాయిగా ఉండేది పాపం. భయం, శుద్ధ భయం. ఆ భయం కింద సిగ్గు. ఆ సిగ్గును చొక్కా లోపలి బనియన్‌లాగా ఏళ్ల తరబడి ఒంటినంటించుకుని తిరిగాడు.

ఎబినేజర్ తండ్రి బొగ్గుబాయిలో పనిచేసి, దగ్గుతో ఇంటికి చేరి, ఆ దగ్గుతోనే పోయాడు. కొడుక్కి బాయి పని వద్దంటే వద్దని తల్లి పట్టుబట్టింది. దాంతో బస్టాండు పక్క సందులో టేపురికార్డర్లు, యాంప్లిఫయర్లు బాగుచేసే చిన్న కొట్టు పెట్టుకున్నాడు. ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయించేవాడు. చేతిలో పనితనం ఉంది, గొంతులో తీపి ఉంది, మాట మాత్రం నత్తి. అందులోనూ ఒక చిత్రం. మనసులో కట్టిపెట్టుకున్న మాటలైనా, అప్పటికప్పుడు కల్పించినవైనా గడగడా వచ్చేసేవి. ఉన్నదున్నట్టు చెప్పాల్సి వస్తేనే మొదటి అక్షరం దగ్గర నాలుక మొరాయించేది.

యాంప్లిఫయర్ బాగుచేశాక దాన్ని పరీక్షించాలంటే బాసు దిట్టంగా ఉన్న పాట కావాలి. రెండు వేల సంవత్సరంలో ఒకరోజు కిషన్‌లాల్ క్యాసెట్ల దుకాణానికి పోయి, "శేఠ్, స్పీకర్ డబ్బాలు అదిరిపోయేది ఒకటి ఇయ్యి" అని అడిగాడు. కిషన్‌లాల్ వెనక అరలోంచి దుమ్ముపట్టిన సీడీ ఒకటి తీసి, తన చొక్కాకే తుడిచి ఇచ్చాడు. అట్ట మీద రాగిరంగు గోడ, దాని ముందు ఇద్దరు తెల్ల మగవాళ్లు, ఒక నల్లటి ఆడమనిషి.

"హౌస్ మ్యూజిక్ అంటరు దీన్ని," అన్నాడు కిషన్‌లాల్. "లండన్ల పోరగాళ్లు డిస్కోలల్ల దీనికే ఎగురుతరంట. ఇక్కడ ఎవడు కొంటలేడు. నువ్వన్న తీస్కపో భాయ్, నాకు జాగ ఖాళీ అయితది."

కాపర్ రూమ్ ఈ ఇంటికి అలా వచ్చింది. మూతపడ్డ నూలుమిల్లులో ఒక గది కిరాయికి తీసుకుని ముగ్గురు మొదలుపెట్టిన గ్రూపు అది. మగవాళ్లిద్దరూ యంత్రాల మీద దరువు కడితే, మార్షా అనే ఆవిడ పాడేది. పాటలన్నీ దుమ్ము దుమ్ముమని ఆగకుండా ఒకటే కొట్టుడు, ఎబినేజర్ కొట్టు పైరేకులు గలగలలాడిపోయేవి. చివరి పాట మాత్రం వేరు. సగం దాకా అందులో దరువే లేదు. మార్షా ఒక్కతే, మాటలు కూడా లేకుండా, నోరు మూసుకుని రాగం తీస్తుంది. పిల్లను నిద్రపుచ్చుతూ తల్లి కూడా నిద్రలోకి జారిపోతున్నట్టుంటుంది. మొదటిసారి విన్నప్పుడు ఎబినేజర్ చేతిలోని సోల్డరింగ్ కడ్డీ బల్లను కాల్చేస్తున్నా చూసుకోలేదు.

ఆ రాగం వారం రోజులు మనిషిని వదల్లేదు. దానికి మాటలు వాటంతటవే వచ్చాయి, తండ్రి దగ్గును తలుచుకుంటూ కూర్చుంటే. "బాయి చీకట్ల దీపమై వస్తివి, పైకి రానోళ్లను పేరువెట్టి పిలిస్తివి" అని మొదలవుతుంది ఆ పాట. మాటలు అక్షరం అక్షరం ఇతనివే. రాగం మార్షాది. ఇందులో తప్పేముంది చెప్పండి? సినిమా రాగాలకు దేవుని మాటలు కట్టి పాడుకోవడం ఏ చర్చిలో లేదు? "ఇంగ్లీషు పాట ట్యూను, మాటలు నావి" అని ఒక్క ముక్క అని ఉంటే ఎవరూ చెవి కూడా కదిలించేవారు కాదు. అనలేదు. అదే తెచ్చిపెట్టింది చేటంతా.

ఎందుకు అనలేదంటే, మరుసటి ఏడు పాల్వంచలో జరిగిన సువార్త సభల సంగతి చెప్పాలి. ఆ సభల్లో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త పాట పాడినవాళ్లు పాడేసి దిగిపోకూడదు. ఆ పాట తమకు ఎలా దొరికిందో మైకు ముందు సాక్ష్యం చెప్పాలి. సాక్ష్యం లేని పాట తాలింపు లేని పప్పులాంటిదని పాస్టరు అంతోనయ్య అభిప్రాయం. ఈ అంతోనయ్య కూడా ఒకప్పుడు బాయిలో దిగి వచ్చినవాడే. పెద్ద గొంతు, పెద్ద మనసు, తొందర మాత్రం మనసు కంటే పెద్దది. ఎబినేజర్ పాట ముగిసేసరికి ముందువరుసలో ముసలమ్మలు కొంగులు కళ్లకు అద్దుకుంటున్నారు. బాయిలో మొగుణ్ని పోగొట్టుకున్న పుల్లమ్మయితే నేల మీద కూలబడి ఏడుస్తోంది. అంతోనయ్య మైకు తెచ్చి ఎబినేజర్ మూతికి ఆనించాడు.

"ఏడ దొరికింది బిడ్డా ఈ పాట? చెప్పు, జనం ఎదురుచూస్తున్నరు."

"అ... అ... అది..." అన్నాడు ఎబినేజర్. నిజం చెప్పాలనే నోరు తెరిచాడు, ఆ పుణ్యం ఇతనికి దక్కాలి. నాలుక అక్కడే ఆగిపోయింది. జనానికి అది నత్తి అని ఎందుకు తోస్తుంది? ఆత్మ నిండి మాట రావడం లేదనుకున్నారు.

"ప్రార్థనల దొరికిందా?" అంతోనయ్య సాయం పట్టాడు.

ఎబినేజర్ తల ఊపాడు. ఆ ఒక్క ఊపుతో నత్తి ఎటు పోయిందో పోయింది, మాటలు గడగడా దొర్లాయి. "కిన్నెరసాని వాగు ఒడ్డున అయ్యగారూ. ఒక బండ మీద మోకరించిన. ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది, పిట్టలు అరుసుడు ఆపినయ్. అప్పుడు పైనుంచి రాగం దిగుడు మొదలైంది, చెట్ల మీదికెల్లి వాన దిగినట్టు."

కిన్నెరసాని వాగును ఆనాటికి అతను బస్సు కిటికీలోంచి కూడా చూడలేదు. పందిరి పందిరంతా హల్లెలూయా అని లేచి నిలబడింది.

ఆ లేచి నిలబడ్డవాళ్లలో రిబ్కా ఉంది. ఖమ్మం ఖానాపురం హవేలిలో ఉండే సుకుమార్ మాస్టారి కూతురు, ప్రైవేటు దవాఖానాలో నర్సు. రేడియో మెకానిక్‌కు పిల్లనెవరిస్తారని మాస్టారు కస్సుమన్నాడు. "దేవుడు పిలిచి చేతిల పాట పెట్టిన మనిషి నాన్నా, ఇంకేం కావాలె?" అన్నది రిబ్కా. పెళ్లిచూపుల్లో ఎబినేజర్, "నా... నాకు నె... నెల జీతం లేదు" అని తంటాలుపడి చెబితే ఆమె నవ్వింది. "నిజం చెప్పేటప్పుడే నత్తి వస్తది మీకు. మంచిదే, నాకు ఆనవాలు దొరికింది" అని ఆటపట్టించింది. ఎబినేజర్ గుండె గుభేలుమంది. పెళ్లికి ముందే చెప్పేద్దామనుకున్నాడు. పెళ్లయ్యాక చెబుదామనుకున్నాడు. కూతురు మహిమ పుట్టాక ఇక ఏ మొహం పెట్టుకుని చెప్పాలో తెలియలేదు.

పాట మాత్రం ఆగలేదు. క్యాసెట్ వచ్చింది. మణుగూరు, ఇల్లెందు, భద్రాచలం దాటి చర్ల దాకా పోయింది. ఒకనాడు కిషన్‌లాల్ దుకాణంలోనే ఆ క్యాసెట్ మోగుతుంటే, శేఠ్ గల్లాపెట్టె మూసి చెవి రిక్కించాడు. అప్పుడే మెట్లెక్కుతున్న ఎబినేజర్‌ను చూసి, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"అరే భాయ్! ఇది నేనిచ్చిన సీడీల ఆఖరి పాట గాదు?"

"మె... మెల్లగ శేఠ్, నీ కాళ్లు మొక్కుత."

"కిన్నెరసాని కాడ ఆకాశం నుంచి దిగిందని అట్ట మీద రాసిండ్రు గదా. మరి నా దుకాణం పేరు ఎందుకు రాయలే?" అన్నాడు శేఠ్. ఎవరికీ చెప్పలేదు, అంతవరకు పెద్దమనిషే. కానీ కనబడ్డప్పుడల్లా కన్నుగీటి, "పైనుంచి ఇంకేమన్న దిగిందా భాయ్?" అని అడగడం మానలేదు. ఎబినేజర్‌కు ఆ మాటకు తల కొట్టేసినట్టయ్యేది. అయినా ఆ దుకాణానికే పోయేవాడు, పోక చస్తాడా? కిషన్‌లాల్ రెండు కంప్యూటర్లు పెట్టి ఇంటర్నెట్ తెచ్చాడు. కాపర్ రూమ్ ఎక్కడుంది, ఏం చేస్తోంది, ఆ పాట ఎక్కడైనా పెద్ద హిట్టయి ఇక్కడి టీవీలో పడుతుందేమోనని భయంతో వారం వారం చూసుకునేవాడు. ఇంగ్లీషు ముక్కలు అర్థం కాకపోతే శేఠే చదివి చెప్పేవాడు. గ్రూపు నూలుమిల్లు గది నుంచి పెద్ద పెద్ద హాళ్లకు ఎదిగింది. వేలమంది ఎగిరారు. ఒక పాట అక్కడి జాబితాల్లో పైకెక్కింది. అది వేరే పాట అని తెలిసేదాకా ఇతని పై ప్రాణాలు పైనే ఉన్నాయి.

ఆ మధ్యలోనే ఇంకో ముచ్చట. సంఘం యువకులు ట్రాలీ ఆటో కట్టించుకుని వచ్చారు, "అన్నా, ఆ బండ చూపియ్యాలె, అక్కడ ప్రార్థన చేసుకుంటం" అని. పోకపోతే బాగుండదు. పోయి, కిన్నెరసాని ఒడ్డున కాస్త చదునుగా ఉన్న బండనొకదాన్ని చూసి, "ఇదే" అన్నాడు. అక్కడికి దగ్గరి గూడెంలో ఉండే పగిడయ్య అనే కోయ రైతు ఎడ్లకు నీళ్లు తాపుతూ ఇదంతా చూశాడు. వాళ్ల వేల్పులు వేరు, వాళ్ల కొలుపులు వేరు. సంగతేమిటని అడిగి తెలుసుకున్నాక అతను చెప్పులు విడిచి పక్కన పెట్టి, తుమ్మకొమ్మ విరిచి బండ చుట్టూ ఊడ్చాడు.

"మీ దేవుడైతే ఏంది, మా దేవుడైతే ఏంది," అన్నాడు. "దిగిన జాగ దిగిన జాగే గదా. ఇక్కడ ఎడ్లను కట్టెయ్య ఇగ."

తన ఎడ్లను ఇంకో రేవుకు మళ్లించుకుపోయాడు పగిడయ్య. ఆ రేవుకు చుట్టూ తిరిగిపోవాలి. ఎబినేజర్ మోకరించి, కళ్లు మూసుకుని, ఒక్క మాట ప్రార్థన చేయలేకపోయాడు.

రెండు వేల మూడులో కిషన్‌లాల్ కబురు చెప్పాడు, కాపర్ రూమ్ విడిపోయిందని. దరువు కట్టే ఇద్దరికీ పడలేదట. ఎబినేజర్ మొహం చూడాలి అప్పుడు! రెండు చాయ్‌లు చెప్పాడు, శేఠ్‌కు సమోసా కూడా తెప్పించాడు. శేఠ్ సమోసా తింటూ తక్కినది చదివాడు.

"మార్షా పాడుడు బంద్ చేసిందట. ఒక బడిల పిల్లలకు అన్నం వండి పెడుతున్నదట. ఇదిగో, నీ పాట గురించి కూడ చెప్పింది. ఆ రాగం ఆమె నాయనమ్మదంట. పెరట్ల బట్టలు ఆరేసుకుంట కూనిరాగం తీసేదంట ముసలామె. ఆమె పోయినంక ఏడ మరిచిపోతనో అని రికార్డు చేసిన అంటున్నది." శేఠ్ ఆగి, కళ్లజోడు సవరించుకున్నాడు. "అన్ని పాటలకు ఆడిండ్రు గాని, ఆ ఒక్క పాట ఎవరూ వినలే అంటున్నది భాయ్."

ఎబినేజర్ చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. ఎవరూ వినకపోవడమేమిటి? ఇక్కడ చావులకు పాడుతున్నారు, పురుళ్లకు పాడుతున్నారు. ఒక మనిషి కష్టం చూసి సంబరంగా సమోసాలు తెప్పించానే అని తనను తానే తిట్టుకున్నాడు. శేఠ్ కూడా ఆ రోజు కన్నుగీటలేదు.

తర్వాత కొన్నేళ్లు నెమ్మదిగానే గడిచాయి. సిగ్గు పోలేదు గానీ భయం తగ్గింది. ఇంతలో రెండు వేల ఎనిమిది వచ్చింది. కాపర్ రూమ్ ముగ్గురూ మళ్లీ కలిశారు, పాత పాటలకు కొత్త దరువులు కట్టారు. ఏదో సెల్‌ఫోన్ కంపెనీ, ఒక నాయనమ్మా మనవరాలూ ఫోన్లో మాట్లాడుకునే ప్రకటన తీసి, దాని వెనక మార్షా రాగం పెట్టింది. ఇక చూడండి! వార్తల ముందు అదే, సీరియల్ మధ్యలో అదే, క్రికెట్ ఓవరు ఓవరుకూ అదే. మొదటిసారి వినబడ్డప్పుడు మహిమ టీవీ ముందు గంతులేసింది, "నాన్న పాట! నాన్న పాట!" అని. ఎబినేజర్ కుక్కిన పేనులా గోడకు ఆనుకుని, ఇక అయిపోయింది, రేపు ఊరు ఊరంతా మొహాన ఉమ్మేస్తుంది అనుకున్నాడు.

పొద్దున్నే అంతోనయ్య వచ్చి తలుపు బాదాడు. వెనక పదిమంది. ఎబినేజర్ తల వంచుకుని బయటికొచ్చాడు.

"చూసినవా ఎబీ, ఎంత అన్యాలం!" అంతోనయ్య గొంతు వీధి చివరి దాకా వినబడింది. "దేవుడు నీకిచ్చిన పాటను దొంగిలించిండ్రు దొంగనాయాళ్లు! అప్పట్ల దొరలొచ్చి బొగ్గు తీస్కపోయిండ్రు. ఇప్పుడు పాట తీస్కపోతున్నరు. ఊకుంటమా?"

ఇలా కూడా జరగొచ్చని ఎబినేజర్ కలలో కూడా అనుకోలేదు. యువకులు అప్పటికే ఇంటర్నెట్‌లో వెతికి, ఆ ఏడు వచ్చిన కొత్త రికార్డు మాత్రమే చూసి, మార్షా పేరు కూడా పట్టుకొచ్చారు. "ఈమెనే అన్నా మెయిన్ దొంగ" అన్నాడొకడు. రిబ్కా గడపలో నిలబడి భర్త భుజం మీద చెయ్యి వేసింది. ఆమె కళ్లలో నీళ్లు. తన మొగుడి సొత్తును ఎవరో ఎత్తుకుపోయారని ఆ పిల్ల బాధ. ఆ చెయ్యి కింద ఎబినేజర్ భుజం కాలిపోతున్నట్టుంది.

కోర్టుకు పోదామంటే తాహతు లేదు. అందుకని దేవుని కోర్టుకే పోదామని అంతోనయ్య తీర్మానించాడు. శుక్రవారం సంఘమంతా ఉపవాస ప్రార్థన, పాట తిరిగి రావాలని. అందరూ సాయంత్రం దాకా ఉంటామన్నారు. పుల్లమ్మ మాత్రం, "నేను ఇయ్యాల్టి నుంచే మొదలువెడుత. పాట వచ్చేదాక అన్నం ముట్ట" అని మంగళవారమే ఒట్టుపెట్టుకుంది. అందరికీ అది పాట, ఆమెకు అది మొగుడు. శవం కూడా సరిగ్గా దొరకని ఆ మనిషిని ఎవరో పేరుపెట్టి పిలుస్తున్నట్టు ఆ ఒక్క పాటలోనే వినబడేది ఆమెకు. ముసలి ఒళ్లు, పైగా షుగరు. రిబ్కా పోయి బతిమాలింది, "అవ్వా, గోలీలు వేసుకుని తినకపోతే పడిపోతవ్" అని. వినలేదు. గురువారానికి మంచం దిగలేకపోయింది.

"ఆమెకేమన్న అయితే ఆ ఇంగ్లీసోళ్లదే పాపం," అన్నది రిబ్కా ఇంటికొచ్చి.

ఎవరి పాపమో తెలిసినవాడు పక్కనే కూర్చుని అన్నం కలుపుకుంటున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నానికి చర్చి నిండిపోయింది. చాపల మీద ఒకవైపు మగవాళ్లు, ఒకవైపు ఆడవాళ్లు, మొహాలన్నీ వాడిపోయి ఉన్నాయి. పిల్లలు కూడా నీళ్లు తాగి కూర్చున్నారు. ఇదంతా తన కోసం! ఎబినేజర్ కీబోర్డు వెనక కూర్చుని ఎవరి కళ్లలోకీ చూడలేకపోయాడు. అంతోనయ్య మోకరించి చేతులెత్తాడు.

"ప్రభువా, మార్షా అనే ఆ స్త్రీని చూడు. నీ సేవకుని నోటి కాడ పాట గుంజుకున్నది. ఆమె గొంతు మూగవోవాలె తండ్రీ! ఆమె చేతి పని పాడైపోవాలె!"

"ఆమెన్!" అన్నారు అంత మందీ. ఆ ఆమెన్‌లో రిబ్కా గొంతు కూడా ఉంది.

బడిలో పిల్లలకు అన్నం వండిపెట్టిన మనిషి. నాయనమ్మ రాగం మరిచిపోతానని భయపడిన మనిషి. ఎబినేజర్ లేచి నిలబడ్డాడు, కుర్చీ వెనక్కి పడిపోయింది.

"వ... వద్దు! ఆ... ఆమెను ఏమనొద్దు. ఆమె దొ... దొంగ గాదు. నే... నేనే దొంగను."

ఎబినేజర్ రెండు చేతులూ జోడించి, ఒక్కో అక్షరాన్ని ఈడ్చుకొస్తూ మళ్లీ చెప్పాడు. ఆ రాగం ఆమెది. తాను తీసుకున్నాడు. తప్పు తనది, శిక్ష తనకు రావాలి, ఆమెకు కాదు. చెప్పి తల వంచుకుని, మీద పడబోయే తిట్ల కోసం నిలబడ్డాడు.

అంతోనయ్య మెల్లగా లేచి వచ్చాడు. కళ్ల వెంట నీళ్లు ధారగా కారుతున్నాయి. వచ్చి ఎబినేజర్‌ను గట్టిగా కౌగిలించుకున్నాడు.

"చూసిండ్రా!" అని జనం వైపు తిరిగి అరిచాడు. "ఎవలో చేసిన దొంగతనాన్ని తన మీద వేసుకుంటున్నడు! సిలువ మీద ప్రభువు చేసింది ఇదే గదా! మనం శపిస్తుంటే, మన ఎబీ శత్రువును కాపాడుతున్నడు!"

"హల్లెలూయా!" చర్చి కప్పు ఎగిరిపోయేట్టు అరిచారు. డోలక్ మొదలైంది.

"కా... కాదు అయ్యగారూ, ని... నిజంగనే..." అని ఎబినేజర్ ఎంత మొత్తుకున్నా, మొత్తుకున్న కొద్దీ వాళ్లకు అతని మంచితనమే కనబడింది. ఆడవాళ్లు వచ్చి అతని చేతులు కళ్లకద్దుకున్నారు. ఇంతకంటే నవ్వులపాటు ఉంటుందా? దొంగనని చెప్పుకుంటే పూలదండ వేసేలా ఉన్నారు. ఆ గోలలో ఒక్క మనిషి మాత్రం లేవలేదు. రిబ్కా చాప మీదే కూర్చుని, మహిమను గట్టిగా పొదువుకుని, భర్త పెదవులనే చూస్తోంది. ఇన్నేళ్లుగా ఆ సాక్ష్యం చెప్పినప్పుడల్లా అతనికి ఒక్క అక్షరం తడబడలేదని ఆమెకు అప్పుడు తట్టింది.

రిబ్కా ఇంటికొచ్చి పొయ్యి మీద అన్నం పెట్టి, అది ఉడుకుతుండగా, వెనక్కి తిరగకుండానే అడిగింది.

"కిన్నెరసాని?"

"పో... పోలే. అప్పటికి చూడనే లే."

"ఆ బండ?"

"పి... పిల్లలు అడిగితే... ఏ... ఏదో ఒకటి చూపిచ్చిన."

"పెళ్లికి ముందు ఎందుకు చెప్పలే?"

"ను... నువ్వు కాదంటవని."

రిబ్కా గరిటె పక్కన పెట్టి ఇటు తిరిగింది. "నేను ఆ సాక్ష్యం నా పేషెంట్లకు చెప్పుకుంట వచ్చిన, తెలుసా నీకు? పొద్దుగూకితే బతకరని తెలిసినోళ్ల చెయ్యి పట్టుకుని చెప్పిన. భయపడకుండ్రి, దేవుడు దగ్గరనే ఉంటడు, మా ఆయన మీదికి పాట దిగింది అని. నమ్ముకుంట పోయిండ్రు వాళ్లు. ఇప్పుడు వాళ్లకు పోయి ఎవరు చెప్తరు?"

ఆమె ఇంతవరకూ అతన్ని నువ్వు అని పిలిచి ఎరగదు. ఎబినేజర్‌కు భూమి చీలితే అందులో దూరిపోదామనిపించింది. రిబ్కా అన్నమూ పప్పూ టిఫిన్ డబ్బాలో సర్ది, చెప్పులు వేసుకుని, "నడువు" అన్నది.

పుల్లమ్మ పాత క్వార్టర్ల చివరి గదిలో ఉంటుంది. అప్పటికే ఎవరో వచ్చి కబురు చెప్పి వెళ్లారు. మంచంలో సొమ్మసిల్లినట్టు పడుకున్నది కాస్తా, ఎబినేజర్‌ను చూసి చెయ్యి చాపింది.

"క్షమించినవంట గదా బిడ్డా వాళ్లను. నీది దేవుని మనసు. నేనింకా ఒక్కపొద్దు ఉంట, ఆ దొంగల మనసు మారాలె గదా."

ఎబినేజర్ నోరు తెరిచే లోపే రిబ్కా మంచం పట్టె మీద కూర్చుంది. "క్షమించుడు గాదు అవ్వా. దొంగతనం చేసింది మా ఆయనే. ఆ రాగం ఆ ఇంగ్లీసామెది. సీడీ కొనుక్కుని విని, పైనుంచి దిగిందని మనందరికి అబద్ధం చెప్పిండు. నేను చెప్తున్న, ఈయన పెండ్లాన్ని. ఇగ లేసి తిను."

మొగుణ్ని దొంగ అని పెళ్లామే అన్నాక ఇక అందులో మంచితనం వెతకడానికి ఏముంటుంది? పుల్లమ్మ చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎబినేజర్ చూపులు నేల మీద పెట్టుకున్నాడు.

"మాటలు కూడ వాళ్లవేనా?" అని అడిగింది పుల్లమ్మ.

"మా... మాటలు నావే అవ్వా."

"ఎవల మీద కట్టినవ్?"

"మా... మా నాయిన మీద. ఆ... ఆయన దగ్గు మీద."

"మరి గదే చెప్తే సాలు గదరా!" ముసలమ్మ గొంతు ఒక్కసారిగా లేచింది. "మా నాయిన కోసం కట్టుకున్న అంటే మేం ఏడ్వకపోదుమా? గా రోజు పందిట్ల ఏడ్చినోళ్లు నీ వాగు కోసం ఏడ్చిండ్రా, నీ బండ కోసం ఏడ్చిండ్రా? గంత మంచి ముచ్చట ఉంచుకుని గీ అబద్ధం ఎందుకు నాయినా నీకు?"

ఎబినేజర్ గోడకు తిరిగి వెక్కివెక్కి ఏడ్చాడు. రిబ్కా ఓదార్చలేదు. డబ్బా మూత తీసి, పళ్లెంలో పెట్టి, పుల్లమ్మను లేపి కూర్చోబెట్టింది. పుల్లమ్మ పళ్లెం మీద చెయ్యి పెట్టి, ప్రార్థన చేయబోయి ఆగింది.

"ఆ ఇంగ్లీసు పిల్ల పేరేంది?"

"మా... మార్షా. రా... రాగం ఆమె నాయనమ్మది అవ్వా. బ... బట్టలు ఆరేసుకుంట పాడేదంట."

పుల్లమ్మ కళ్లు మూసుకుంది. "తండ్రీ, ఈ అన్నం పంపినందుకు వందనాలు. మా ఆయన్ను పిలిచే పాట మార్షమ్మ నాయనమ్మదట. బట్టలు ఆరేసుకుంట పాడిందట. ఆమెకు కూడ వందనాలు. ఆమె పేరు నాకు తెల్వదు, నీకు తెలుసు." తర్వాత ఒక కన్ను తెరిచి ఎబినేజర్ వైపు చూసింది. "ఆమెన్ అను. నువ్వు అంటెనే తింట."

"ఆ... ఆ..." అన్నాడు ఎబినేజర్. వెయ్యిసార్లు పలికిన మాట, ఎన్నడూ ఆగని మాట, గొంతులో ఇరుక్కుపోయింది. మళ్లీ ప్రయత్నించాడు. "ఆ..." అన్నం ఆరిపోతోంది. పుల్లమ్మ చెయ్యి పళ్లెం మీద అలాగే ఉంది. రిబ్కా అతని వైపు తిరగలేదు, అందించలేదు, కానీ ప్రతి తడబాటూ చెవినిబెట్టి వింటోంది. చివరికి, "ఆ... ఆమెన్" అన్నాడు. పుల్లమ్మ మొదటి ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది.